సన్నసెగ

గోదావరి డెల్టాలో ఇంటింటా పాడి ఉన్న కాలమున, పెరటి వసారాలో ఒక మూల దాలిగుంట లేని గృహము అరుదు. ఉదయము పితికిన పాలు ఇల్లు చేరగనే, గుంటలో పిడకలు పేర్చి, వానిపై గుప్పెడు ఊక చల్లి, నిప్పు రాజవేసి, మంట అణగి కేవలము సెగ మాత్రము మిగిలిన పిమ్మట పాలకుండను దానిపై నుంచి మూకుడు మూసి, ఇల్లాలు తన పనికి తాను వెళ్ళిపోయెడిది. మధ్యాహ్నము దాటువరకు ఆ కుండ జోలికి ఎవ్వరును పోయెడివారు కారు. పాలు పొంగెడివి కావు, అడుగంటెడివి కావు. ప్రొద్దు వాలునప్పటికి లేత ఎరుపు దాల్చి, పైన దళసరి మీగడ కట్టి, పిడకల పొగవాసన ఇంచుక సోకి, తోడు వేయుటకు సిద్ధముగా ఉండెడివి. పాలు తీసిన పిదప కుండ అంచులను గోకి తీసిన గోకుడు కొరకు పిల్లలలో నిత్యము తగవులే.

మాంసపు వంటను గూర్చి వ్రాయబూని నేను దాలితో మొదలిడుటకు కారణము కలదు. ‘స్లో కుక్కర్’ అను విద్యుత్పాత్ర ఒకటి మా ఇంటికి వచ్చి కొంతకాలమైనది. ఉదయము దానిలో వేసిపోయిన మాంసము రాత్రి భోజనవేళకు తనంత తానే మగ్గి, రొట్టెలో పెట్టుకొని తినుటకు అనువుగా పోగులు పోగులుగా విడివడును. ఇరుగుపొరుగువారు దానిని అమెరికా వింతగా చూచుచుండగా, నాకు మాత్రము అది మా నాయనమ్మగారి దాలికి దూరపు చుట్టముగానే తోచినది.

పాత్ర నిర్మాణము మిక్కిలి సరళము. లోపల మెరుగుపూత గల దళసరి మట్టికుండ, చుట్టును లోహపు తొడుగు, ఆ రెంటి నడుమ వేడినిచ్చు తీగ, పైన గాజుమూత. ఇంతకు మించి అందులో ఏమియు లేదు. ప్రెషర్ కుక్కరు ఆవిరిని బిగబట్టి, లోపలి వేడిని 120 డిగ్రీల దాపునకు పెంచి, అరగంటలో ముగించు పనిని ఇది నీటి మరుగునకు లోబడిన వేడితో ఎనిమిది గంటలపాటు నింపాదిగా నడుపును. కూత వేయదు, పొంగదు, ఎవ్వరినీ పిలువదు.

దీనిని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ షికాగోలో వ్యాపారము చేసిన యూదుడు. ఆయన తల్లి బాల్యము లిథువేనియాలో గడచినది. యూదులకు శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము చీకటి పడువరకు నిప్పు రాజేయుట నిషిద్ధమగుటచే, చిక్కుడుగింజలు, బార్లీ, దుంపలు, మాంసము వేసిన కుండలను శుక్రవారము సాయంకాలమే ఊరి రొట్టెల బట్టీకి అప్పగించి, ఆరిపోవుచున్న బట్టీలో మిగిలిన వేడికి రాత్రంతయు మగ్గిన ఆ ‘చోలెంట్’ను మరునాడు ఇంటికి తెచ్చుకొని తినెడివారని ఆమె తన కుమారునకు చెప్పెడిది. ఆ ముచ్చటను మనసున నుంచుకొన్న నాక్సన్, బట్టీతో నిమిత్తము లేక ఆ పని చేయగల పాత్రకై 1936లో దరఖాస్తు పెట్టి 1940లో పేటెంటు పొందెను. 1970లో రైవల్ అను కంపెనీ ఆయన వ్యాపారమును కొని, మరుసటి యేడు ‘క్రాక్‌పాట్’ అను పేర దానిని విపణిలో ప్రవేశపెట్టినది. అమెరికా గృహిణులు విశేషముగా ఉద్యోగములలో చేరుచుండిన దశాబ్దమది. ఉదయము తలుపు వేసికొని పోయిన స్త్రీ సాయంకాలము తలుపు తీయునప్పటికి వంట సిద్ధముగా ఉండుట ఎంతటి ఉపకారమో, ఉద్యోగము చేసి వచ్చి పొయ్యి వెలిగించిన వారికే తెలియును.

మన దేశమున ఈ ఆలోచన అంతకు చాల ముందే పుట్టినది. కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు 1910లో ‘ఇక్‌మిక్ కుక్కర్’ను నిర్మించెను. నిలువుపాటి పాత్రలో గిన్నెలు ఒకదానిపై నొకటి పేర్చి, అడుగున నీళ్ళు పోసి, ఆ క్రింద బొగ్గుల నిప్పు నుంచినచో, ఆవిరికి అన్నము, పప్పు, మాంసము అన్నియు కలసి ఉడికెడివి.

మా డెల్టాలో యంత్రములు రాక మునుపు ఈ పని చేసినది పొట్టుపొయ్యి. దానిని నింపుట చూడవలసిన విద్య. అడుగున ప్రక్కగా రంధ్రము గల ఇనుప డబ్బాలో, నిలువుగా ఒక గుండ్రని కర్రను, ఆ రంధ్రములోనుండి అడ్డముగా మరియొక కర్రను దూర్చి, రెండును లోపల ఒకదానినొకటి తాకునట్లు పట్టుకొని, చుట్టును రంపపుపొట్టునో ఊకనో కొద్దికొద్దిగా పోయుచు, పిడికిలితో దట్టించి, చివరకు కర్రలను మెల్లగా త్రిప్పుచు వెలికి తీసినచో, పొట్టు మధ్య గాలి పోవుటకు సొరంగము నిలిచెడిది. దట్టించుటలో ఏమరుపాటు కలిగెనా, సొరంగము కూలి పొయ్యి అంతయు పొగయగును. సరిగా దట్టించినచో, ఒక్కసారి అంటించిన నిప్పు గంటల తరబడి ఎవ్వరును ఎగదోయకయే సమానమైన సెగ నిచ్చెడిది. మార్టేరు వరి పరిశోధన కేంద్రమునుండి వచ్చిన స్వర్ణ వంగడము మా చేలను నింపిన దినములలో, మిల్లుల వెనుక ఊక కొండలుగా పడియుండెడిది. ఆ ఊక దట్టించిన పొయ్యిపై ఉలవచారు కాగని సందు లేదు. ఉలవలు ఉడికించిన నీటిని గంటల తరబడి కాచి చిక్కబరచనిదే అది చారు కాదు. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినములలో సముద్రమునుండి ఎదురీది వచ్చు పులసను మట్టిదాకలో సన్నసెగపై మగ్గించి, ఆ రాత్రి తినక మరునాటికి నిలువ ఉంచు మర్యాదయు ఈ పద్ధతిలోనిదే.

ఇక మాంసము. అమెరికాలో ఈ పాత్రకు పేరు తెచ్చినది గొడ్డుమాంసపు వంట. జబ్బభాగపు పెద్దముక్కను ముక్కలు చేయకయే పాత్రలో నుంచి, ఉల్లి, వెల్లుల్లి, మిరియములతో రోజంతయు మగ్గించి, అది గరిటె తాకిడికే విడిపోవునప్పుడు చీల్చి, బన్ను రొట్టెల నడుమ పెట్టి, పాత్రలో మిగిలిన రసమును చిన్నగిన్నెలలో పోసికొని, అందు ముంచుకొని తిందురు. ఇంటిల్లిపాదికి రాత్రి భోజనము అంతటితో సరి. షికాగోలో ఉద్యోగము చేయు మా మేనల్లుడు వారాంతమున మిత్రులకు ఈ రొట్టెలే పెట్టుదునని చెప్పినప్పుడు, వంటలో మాత్రమే కాక వడ్డనలోను గల ఆ సౌలభ్యము నన్ను ఆకర్షించినది. ఆ పాత్రను అక్కడినుండి పంపుదునని అతడనగా నేను వలదంటిని. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడ 230. నడుమ ట్రాన్స్‌ఫార్మరు లేక తగిలించినచో తీగ మాడిపోవును. మన వోల్టేజీకి తగిన పాత్రలు ఇక్కడనే దొరకుచున్నవి.

మా పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రము. నగరేశ్వరస్వామి ఆలయము చుట్టునున్న వీధులలో మాంసము గుమ్మము తొక్కని ఇండ్లు అనేకము. వారి ఆచారమును నేను మనసార గౌరవింతును. అయితే ఈ డెల్టాలోని పేటలలోనే పెద్దకూర వండుకొను కుటుంబములు తరతరములుగా ఉన్నవి. ఆ వంటను గూర్చి మన పత్రికలలో వ్రాయు అలవాటు లేదు, మన పాకశాస్త్ర గ్రంథములలో దానికి చోటు మిక్కిలి తక్కువ. ఇది న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము. లేతముక్కను ఏరి కొనగల ఇండ్లకు ఓపికతో పని యేమి? చౌకగా దొరకిన ముదురుముక్కతో పదిమందికి పెట్టవలసిన ఇండ్లలో, కట్టెను వెనుకకు లాగి మంట అణచి, మూత తీయక, నాట్లకో కోతలకో పోయి వచ్చునప్పటికి కూర మెత్తబడునట్లు అమర్చుకొన్న తల్లులు ఈ విద్యకు పెద్దలు. హైదరాబాదు పాతబస్తీలో రాత్రంతయు దేగిసాలలో కాగిన నహారీని తెల్లవారుజామున కుల్చా రొట్టెతో తిను వాడుకయు, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమును పొద్దస్తమానము బట్టీలపై కలుపు వాడుకయు ఆ కోవలోనివే. రొట్టెయు, సన్నసెగపై మగ్గిన మాంసమును జతగూర్చుట మనకు క్రొత్త కాదు.

మా ఇంట వండునది వేటమాంసము. దానికి నేను కోరునది మెడ, జబ్బ. మొదటిసారి అడిగినప్పుడు కొట్టతను కత్తి ఆపి నావైపు చూచెను.

“తొడ లేతగా ఉందండి అమ్మగారూ, కొట్టమంటారా?”

“వద్దు నాయనా, మెడా జబ్బా ఇవ్వు. ముదురుదైనా పరవాలేదు.”

“మెడైతే ఓ పట్టాన ఉడకదండి. గేసంతా అయిపోద్ది.”

అతడు చెప్పినది గ్యాసుపొయ్యి విషయమున అక్షరాల నిజము. మెడయు జబ్బయు జంతువు నిత్యము శ్రమపెట్టు భాగములు. కండపోగులను కట్టియుంచు కొలాజెన్ అను పదార్థము వానిలో అధికము. పెద్దమంటపై త్వరపెట్టినచో పోగులు బిగిసి తమలోని నీటిని పిండివేయునే కాని కట్టు వదలదు. వేడి 70 డిగ్రీలు దాటి, మరుగునకు చేరువలో గంటల తరబడి నిలిచినప్పుడు ఆ కొలాజెన్ మెల్లమెల్లగా కరిగి జెలటినుగా మారును. పులుసును పెదవులకు అంటుకొనునంత చిక్కగా చేయునది అదియే. లేతతొడను ఈ పాత్రలో వేసినచో ఎండిన పీచువలె తయారగును. దానికి తగిన వంట వేపుడు. 18వ శతాబ్ది చివర కౌంట్ రంఫర్డ్ అను శాస్త్రజ్ఞుడు దుంపలు ఎండబెట్టు సాధనములో గొఱ్ఱెజబ్బ నుంచి చూచెను. మూడు గంటలైనను అది ఉడకలేదు. రాత్రంతయు ఆ మందవేడిలోనే ఉండిపోయిన ఆ మాంసము తెల్లవారునప్పటికి చక్కగా పక్వమై యుండుట చూచి ఆయన విస్మయము నొందెను. మా కొట్టతనికి ఈ కథ చెప్పలేదు. ఒకనాడు గిన్నెలో కూర పంపితిని. అది మొదలు మెడముక్క నాకై ప్రక్కన తీసి ఉంచుచున్నాడు.

ఈ వంటలో పని తగ్గునని కొందరు చెప్పుదురు. నా అనుభవమున పని తగ్గలేదు, ముందుకు జరిగినది. సాయంకాలము అలసిన వేళ చేయవలసిన పని, చల్లని ఉదయపు వేళ చేయబడుచున్నది. రాత్రియే ఉల్లిపాయలు సన్నగా తరిగి, అల్లము వెల్లుల్లి నూరి ఫ్రిజ్‌లో ఉంచుదును. ఉదయము కిలో మాంసమును కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, ఉప్పు, పసుపు, మిరియపుపొడి పట్టించి, దళసరి మూకుట్లో నూనె కాచి, ముక్కలను ఒకదానికొకటి తగులకుండ పేర్చి, రెండు ప్రక్కల ఎఱ్ఱబడువరకు కదపక ఉంచుదును. ఈ మెట్టును విడిచిపెట్టవచ్చునని చెప్పువారి మాట నమ్మవలదు. స్లో కుక్కరులోని వేడి మాంసమును మెత్తపరచును కాని ఎఱ్ఱబరచజాలదు. ఆ ఎఱుపులోనే సగము రుచి ఉన్నది. పిమ్మట అదే మూకుట్లో ఉల్లిని వేచి, నూరిన ముద్ద, కారము, ధనియాలపొడి కలిపి, గ్లాసెడు నీళ్ళతో మూకుడు గీరి, అంతయు పాత్రలోనికి ఒంపుదును. గ్లాసెడుకు మించి నీరు అక్కరలేదు. మూత క్రింద ఆవిరి పోదు, మాంసము తన నీటిని తాను విడుచును. మన వంటకు అలవాటుపడిన చేయి అప్రయత్నముగా మరియొక గ్లాసు పోయబోవును, దానిని నిగ్రహించుకొనవలెను. లవంగము, దాల్చినచెక్క రెండు మూడు ముక్కలు చాలును, ఏలనన గంటలు గడచుకొలది వాని ఘాటు హెచ్చును. గరంమసాలా, కొత్తిమీర చివరనే.

మూత వేసి ‘తక్కువ’ గుర్తుపై నుంచిన పిదప ఎనిమిది గంటలు దానిని ముట్టరాదు. వాసన ఇల్లంతయు క్రమ్మినప్పుడు మూత తీసి చూడవలెనను కోరిక సహజము. కాని ఒక్కమారు తీసినంతనే చిక్కబట్టిన వేడి పోయి, అది తిరిగి కూడదీసికొనుటకు అరగంట వరకు పట్టును. గాజుమూత అందుకొరకే ఉన్నది.

సాయంకాలము ముక్కలను పళ్ళెములోనికి తీసి, ఎముకలు ఏరివేయవలెను. మెడలోని చిన్న ఎముకలు రొట్టెలో మరుగున పడి పిల్లల గొంతునకు అడ్డుపడు ప్రమాదమున్నది గనుక ఈ పనిని వ్రేళ్ళతో, మంచి వెలుతురులో, నిదానముగా చేయవలెను. తరువాత రెండు ఫోర్కులతో చీల్చిన మాంసము దారములవలె విడిపోవును. పాత్రలోని రసమును పొయ్యిపై కొంచెము మరిగించి సగము మాంసమునకు పట్టించి, సగము ముంచుకొనుటకు ఉంచుదును.

రొట్టె విషయమున నేను బన్నును అనుసరింపలేదు. మా ప్రాంతమునకు మినపరొట్టె ఉన్నది. దిబ్బరొట్టె యనియు అందురు. గ్లాసెడు మినపపప్పు నానబెట్టి రుబ్బి, దానికి రెండింతలు వరినూక కడిగి కలిపి, ఉప్పు, జీలకఱ్ఱ వేసి, నూనె కాగిన దళసరి మూకుట్లో రెండంగుళముల మందమున పోసి మూత పెట్టి, ఇదియు సన్నసెగపైనే కాల్చవలెను. వెనుకటి ఇండ్లలో మూతపైన కూడ నిప్పులు పోసి, క్రిందనుండియు మీదనుండియు సెగ తగులునట్లు చేసెడివారు. పైపెంకు ఎఱ్ఱగా కరకరలాడుచు, లోపల ఇడ్డెనవలె మెత్తగా ఉన్న ఈ రొట్టెను పానకముతోనో ఆవకాయతోనో తినుట మనకు వాడుక. దానిని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కను నడుమ చీల్చి, మాంసపు పోగులు కూరి, నిమ్మరసము పిండిన పచ్చి ఉల్లిచక్రములు రెండు పెట్టినచో, గట్టి పెంకు రసమును కారనీయదు, లోపలి మెత్తన దానిని పీల్చుకొనును. బన్నులో తడిసి చినిగిపోవు ముప్పు ఇందులో లేదు. పంచభక్ష్యములు చేయగల శక్తి నాకున్న దినములలో సైతము, ఒక్క పళ్ళెములో ఒదిగిన ఇంతటి తృప్తికరమైన భోజనము నేను పెట్టియెరుగను.

మాంసము తిననివారికి ఈ పాత్రలో ఉలవచారు, శనగలు, కందగడ్డ పులుసు చక్కగా కుదురును. ఒక్క హెచ్చరిక. రాజ్మా గింజలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో పొయ్యిపై పది నిమిషములైనను తెర్లకాచిన పిదపనే దీనిలో వేయవలెను. వానిలోని విషపదార్థము మందవేడికి నశింపదు. మాంసమును ఫ్రీజరునుండి తీసి గడ్డగా అట్లే వేయరాదు. అది కరిగి వేడెక్కులోపల క్రిములు పెరుగును. వానకాలమున గాలివాన పట్టి కరెంటు పోయినచో, పాత్రలోనిదానిని ఆలస్యము చేయక పొయ్యి మీదికి మార్చి మరిగించవలెను. ఎవ్వరును ఇంట లేనివేళ కరెంటు ఎంతసేపు పోయినదో తెలియనిచో ఆ వంటను వదలుకొనుటయే మేలు. విద్యుత్తు ఖర్చు భయపడవలసినంత లేదు. రెండువందల వాట్ల పాత్ర ఎనిమిది గంటలు నడచినను రెండు యూనిట్లు దాటదు.

మా కోడలు తణుకులో ఉద్యోగము చేసి, సిద్ధాంతము గ్రామము వైపు పోవు బస్సులో చీకటి పడిన పిదప ఇల్లు చేరును. ఇదివరలో వచ్చిన వెంటనే కొంగు బిగించి వంటయింట దూరెడిది. అందరి భోజనములు అయిన తరువాత, చల్లారిన గిన్నెలముందు ఒంటరిగా కూర్చుండెడిది. నా యౌవనమునను అదే జరిగినది, మా అత్తగారి కాలమునను అదే. మాంసము వండిననాడు మరియు కష్టము. ముక్క ఉడుకు లోపల పిల్లలు నిద్రపోయెడివారు. ఇప్పుడు ఆమె కాళ్ళు కడుగుకొని వచ్చి మాతో పాటు పీటపై కూర్చుండి, వేడిరొట్టె చీల్చుకొని, మొదటి ముద్ద తానును వేడిగా తినుచున్నది. ఎనిమిది గంటల ఓర్పుకు ఇంతకంటె ఫలము నాకు అక్కరలేదు.

ఇంటిలోని పురుషులకు నాదొక మనవి. మాంసము కడిగి ఎఱ్ఱబరచుటకు, ఉల్లి వేచుటకు, మూత వేసి మీట త్రిప్పుటకు ఉదయమున ముప్పావుగంట చాలును. వారమునకొక్కనాడైనను ఆ ముప్పావుగంటను మీరు తీసికొనుడు. రాత్రి ఇంటి ఆడువారిని వడ్డనకు నిలబెట్టక, మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని తినుడు.